భాగం - 9 : సి.ఎన్.సి. మెషినింగ్ సెంటర్‌లో రోటరీ టేబుల్ స్థాన దోషాలు - గుర్తించడం, సరిదిద్దడం

విషయక్రమం

9.0 లక్ష్యాలు
9.1 ప్రవేశిక
9.2 రోటరీ టేబుల్ నిర్మాణం
9.3 కోణ దోషం - దాని పరిమాణం
9.4 దోషాన్ని కొలిచే పద్ధతులు
9.5 దోషం స్వరూపాన్ని బట్టి కారణం
9.6 సరిదిద్దే క్రమం
9.7 ఒక అనుభవం
9.8 సారాంశం
9.9 మీ ప్రగతిని పరీక్షించుకోండి - సమాధానాలు
9.10 మాదిరి పరీక్ష ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు కింది పనులు చేయగలుగుతారు.

- రోటరీ టేబుల్‌లో చలనం మోటారు నుంచి జాబ్ వరకు ఎలా చేరుతుందో వివరించడం
- కోణ దోషాన్ని సెకన్లలోను, దానివల్ల జాబ్ మీద వచ్చే తేడాను మిల్లీమీటర్లలోను లెక్కకట్టడం
- కోణ దోషానికి, భ్రమణ కేంద్రం జరగడానికి ఉన్న భేదాన్ని గుర్తించడం
- దోషం స్వరూపాన్ని బట్టి కారణాన్ని ఊహించి, కొలతతో నిర్ధారించడం
- పారామీటర్లను ఎప్పుడు మార్చాలో, ఎప్పుడు మార్చకూడదో చెప్పడం

9.1 ప్రవేశిక

ఇంతకుముందు భాగాల్లో సరళ రేఖలో కదిలే అక్షాల గురించి తెలుసుకున్నారు. ఈ భాగంలో తిరిగే అక్షాన్ని పరిశీలిద్దాం. హారిజాంటల్ మెషినింగ్ సెంటర్‌లో టేబుల్ నిలువు అక్షం చుట్టూ తిరుగుతుంది. దీన్ని బి-అక్షం అంటారు. వర్టికల్ మెషినింగ్ సెంటర్‌పై అదనంగా బిగించే రోటరీ టేబుల్ సాధారణంగా ఎక్స్-అక్షానికి సమాంతరంగా ఉన్న రేఖ చుట్టూ తిరుగుతుంది. దీన్ని ఎ-అక్షం అంటారు. షాపుల్లో దీన్నే ఫోర్త్ యాక్సిస్ అంటారు.

జాబ్‌ను ఒక్కసారి బిగించి నాలుగు వైపులా పని చేయగలగడం ఈ టేబుల్ వల్ల కలిగే ప్రధాన లాభం. అయితే టేబుల్ చెప్పిన కోణంలో ఆగకపోతే నాలుగు వైపులా చేసిన పని ఒకదానితో ఒకటి కలవదు. ఎదురెదురుగా వేసిన రంధ్రాలు ఒకే వరసలో ఉండవు, ముఖాలు లంబంగా ఉండవు.

ఇలాంటప్పుడు చాలా షాపుల్లో మొదట చేసే పని కంట్రోల్‌లోని బ్యాక్‌లాష్ అంకెను మార్చడం. అంకె మార్చడానికి ఒక నిమిషం చాలు, కారణం వెతకడానికి ఒక పూట పడుతుంది. అందుకే ఈ అలవాటు పోదు. ప్రతి దోషానికీ ఒక స్వరూపం ఉంటుంది. ఆ స్వరూపం కారణాన్ని చూపుతుంది. కొలవకుండా అంకె మారిస్తే ఆ స్వరూపం చెదిరిపోయి, అసలు కారణం ఇంకా లోతుగా దాక్కుంటుంది. ఈ భాగంలో మీరు ముఖ్యంగా గ్రహించవలసిన విషయం ఇదే.

9.2 రోటరీ టేబుల్ నిర్మాణం

ఎక్కువ టేబుళ్లలో చలనం ఈ వరసలో వెళుతుంది: సర్వో మోటారు, కప్లింగ్ లేదా పళ్ల బెల్టు, వర్మ్, వర్మ్ వీల్, టేబుల్, ఫిక్స్చర్, జాబ్. వర్మ్ ఎన్ని చుట్లు తిరిగితే టేబుల్ ఒక చుట్టు తిరుగుతుందో దాన్ని గేర్ నిష్పత్తి అంటారు. నిష్పత్తి 90:1 అయితే వర్మ్ ఒక చుట్టుకు టేబుల్ 4 డిగ్రీలు తిరుగుతుంది. 72:1 అయితే 5 డిగ్రీలు, 180:1 అయితే 2 డిగ్రీలు. మీ యంత్రంలోని నిష్పత్తిని గుర్తుంచుకోండి. కారణం వెతకడంలో ఇది చాలాసార్లు దారి చూపుతుంది.

వర్మ్ లేకుండా టార్క్ మోటారుతో నేరుగా తిరిగే టేబుళ్లు కూడా ఉన్నాయి. హర్త్ కప్లింగ్ అనే పళ్ల పళ్లేలతో పనిచేసే ఇండెక్స్ టేబుళ్లు మరొక రకం. 72 పళ్లుంటే 5 డిగ్రీలకొకసారి, 360 పళ్లుంటే డిగ్రీకొకసారి మాత్రమే ఇవి ఆగగలవు. వీటిలో కోణాన్ని నిర్ణయించేది పళ్లే. పళ్ల మధ్య చిన్న చిప్ ఇరుక్కుంటే టేబుల్ పూర్తిగా కూర్చోదు.

*స్థానాన్ని ఎవరు చూస్తున్నారు?* ఎన్‌కోడర్ మోటారు వెనక ఉంటే, కంట్రోల్‌కు తెలిసేది మోటారు ఎంత తిరిగిందనే విషయం మాత్రమే. వర్మ్‌లో వదులున్నా, కప్లింగ్ జారినా దానికి తెలియదు. స్క్రీన్ మీద 90.000 అని కనిపిస్తుంది కాని టేబుల్ అక్కడ ఉండకపోవచ్చు. దీన్ని అర్ధ సంవృత వలయం అంటారు. ఎన్‌కోడర్ టేబుల్‌కే అమర్చి ఉంటే అది సంవృత వలయం. ఇందులో వర్మ్ దోషాలను కంట్రోల్ చూసి సరిచేస్తుంది. కాని ఎన్‌కోడర్ చక్రాన్నే కొంచెం పక్కకు అమర్చి ఉంటే ఆ తప్పు ఎన్‌కోడర్‌కు తెలియదు. కాబట్టి రెండు పద్ధతుల్లోను స్క్రీన్ మీది అంకెను సాక్ష్యంగా తీసుకోకూడదు. బయటినుంచి కొలవాలి.

*క్లాంప్:* కోత సమయంలో టేబుల్ కదలకుండా హైడ్రాలిక్ లేదా గాలి ఒత్తిడితో పనిచేసే క్లాంప్ పట్టి ఉంచుతుంది. అనేక యంత్రాల్లో దీనికి ఎమ్ 10, వదలడానికి ఎమ్ 11 కోడ్‌లు వాడతారు. మీ యంత్రం తయారీదారు ఇచ్చిన కోడ్‌లను మాన్యువల్‌లో సరిచూసుకోండి.

9.3 కోణ దోషం - దాని పరిమాణం

ఒక డిగ్రీకి 60 నిమిషాలు, ఒక నిమిషానికి 60 సెకన్లు. అంటే డిగ్రీకి 3600 సెకన్లు. ఇవి కోణాన్ని కొలిచే సెకన్లు, కాలాన్ని కొలిచేవి కావు. ఒక రేడియన్‌కు సుమారు 206265 సెకన్లు. దీన్నుంచి మనకు ఉపయోగపడే సూత్రం వస్తుంది.

కోణ దోషం (సెకన్లలో) = (డయల్ చూపిన తేడా ÷ కేంద్రం నుంచి దూరం) × 206265

తేడాను, దూరాన్ని రెండింటినీ మిల్లీమీటర్లలోనే తీసుకోవాలి. 206 మి.మీ. దూరంలో ఒక సెకను దాదాపు ఒక మైక్రాన్‌కు సమానమని గుర్తుంచుకుంటే చాలు, మిగతా లెక్క నోటితోనే వేయవచ్చు.

ఉదాహరణ: టేబుల్ కేంద్రం నుంచి 150 మి.మీ. దూరంలో డయల్ పెట్టాం. తేడా 0.02 మి.మీ. అయితే, కోణ దోషం = (0.02 ÷ 150) × 206265 = 27.5 సెకన్లు.

ఈ సూత్రం ఇంకొక విషయం కూడా చెబుతుంది. కోణ దోషం వల్ల జాబ్ మీద వచ్చే తేడా కేంద్రం నుంచి దూరం పెరిగేకొద్దీ పెరుగుతుంది. కేంద్రానికి దగ్గరలో అది దాదాపు కనిపించదు. దూరం ఎంతైనా తేడా ఒకే మాదిరిగా ఉంటే, అది కోణ దోషం కాదు. భ్రమణ కేంద్రం ఎక్కడుందో ప్రోగ్రాం తప్పుగా అనుకుంటున్నదన్నమాట.

కేంద్రం ఎక్స్ దిశలో 0.015 మి.మీ. తప్పుగా ఉందనుకోండి. 0 డిగ్రీల దగ్గర వేసిన రంధ్రం జాబ్‌లో ఒక వైపుకు 0.015 జరుగుతుంది. టేబుల్ 180 డిగ్రీలు తిరిగాక వేసిన రంధ్రం జాబ్‌లో రెండో వైపుకు అంతే జరుగుతుంది. రెండింటి మధ్య తేడా 0.03 మి.మీ. అంటే కేంద్ర దోషం ఎదురెదురు రంధ్రాల్లో రెట్టింపై కనిపిస్తుంది. అప్పుడు రెండు రంధ్రాల అక్షాలు సమాంతరంగానే ఉంటాయి, పక్కకు మాత్రం జరుగుతాయి. కోణ దోషమైతే అక్షం వాలుతుంది. ఈ రెండు సందర్భాల భేదాన్ని బాగా గుర్తుంచుకోండి.

> మీ ప్రగతిని పరీక్షించుకోండి - 1
> 1. నిష్పత్తి 180:1 అయిన టేబుల్‌లో వర్మ్ మూడు చుట్లు తిరిగితే టేబుల్ ఎంత తిరుగుతుంది?
> 2. కేంద్రం నుంచి 200 మి.మీ. దూరంలో 10 సెకన్ల దోషం ఎన్ని మైక్రాన్ల తేడా తెస్తుంది?

9.4 దోషాన్ని కొలిచే పద్ధతులు

*9.4.1 చదరపు దిమ్మె, డయల్ గేజ్:* నాలుగు ముఖాలు నేలిన, గట్టి చేసిన చదరపు దిమ్మెను టేబుల్ మధ్యలో బిగించండి. డయల్‌ను స్పిండిల్‌కు అమర్చి మొదటి ముఖం వెంట ఎక్స్ దిశలో 100 మి.మీ. నడపండి. రెండు చివరలా డయల్ ఒకే అంకె చూపేలా దిమ్మెను సరిచేయండి. తరవాత టేబుల్‌ను 90 డిగ్రీలు తిప్పి, రెండో ముఖం వెంట అదే విధంగా నడపండి. 100 మి.మీ. నిడివిలో 0.005 మి.మీ. తేడా వస్తే అది సుమారు 10 సెకన్లు. ఇలా నాలుగు ముఖాలూ చూసి, తిరిగి మొదటి ముఖానికి రండి.

వలయం ఎప్పుడూ 360 డిగ్రీల దగ్గర మూసుకుంటుంది. మొదటి ముఖానికి తిరిగి వచ్చినప్పుడు డయల్ మళ్లీ సున్నా చూపాలి. చూపకపోతే దిమ్మె కదిలిందనో, టేబుల్ ఒకే చోటికి మళ్లీ మళ్లీ రావడం లేదనో అర్థం.

ఇక్కడ మీకు ఒక సందేహం రావచ్చు: తేడా టేబుల్‌దా, దిమ్మెదా? దిమ్మెను విప్పి, టేబుల్ మీద 90 డిగ్రీలు జరిపి బిగించి మళ్లీ కొలవండి. టేబుల్ ఆగిన స్థానంతో పాటు ఉండిపోయిన తేడా టేబుల్‌ది. ముఖంతో పాటు జరిగిపోయిన తేడా దిమ్మెది. ఖరీదైన పరికరం లేకుండానే టేబుల్‌ను పరీక్షించడానికి ఇది మంచి పద్ధతి.

*9.4.2 బహుభుజి దర్పణం, ఆటోకాలిమేటర్:* 8 లేదా 12 ముఖాలున్న దర్పణాన్ని టేబుల్ మధ్యలో ఉంచి, ప్రతి ముఖం నుంచి తిరిగివచ్చే కాంతిని ఆటోకాలిమేటర్‌తో చూస్తారు. సెకన్ల స్థాయి తేడాలు తెలుస్తాయి. అయితే దర్పణం ముఖాలు ఉన్నచోట మాత్రమే కొలవగలం.

*9.4.3 లేజర్ ఇంటర్‌ఫెరోమీటర్, రోటరీ కాలిబ్రేటర్:* ఏ కోణం దగ్గరయినా కొలవగలం. ఖర్చు ఎక్కువ కాబట్టి సాధారణంగా సేవా సంస్థలను పిలిచి చేయిస్తారు.

*కొలిచే స్థానాల ఎంపిక:* ఐ.ఎస్.ఓ. 230-2 ప్రమాణం ప్రకారం పూర్తి చుట్టు తిరిగే అక్షానికి కనీసం 8 స్థానాలు తీసుకుని, ఒక్కో స్థానానికి రెండు దిశల నుంచి ఐదేసి సార్లు వచ్చి కొలవాలి. స్థానాలు సరిగ్గా సమాన దూరాల్లో ఉండకుండా కొంచెం అటూ ఇటూగా ఎంచుకోవాలని కూడా ఆ ప్రమాణం చెబుతుంది. దీని వెనక ఉన్న కారణాన్ని గమనించండి.

72:1 టేబుల్‌లో వర్మ్ ఒక చుట్టుకు 5 డిగ్రీలు. మీరు 45 డిగ్రీలకొకసారి ఎనిమిది చోట్ల కొలిస్తే, ప్రతిసారీ వర్మ్ సరిగ్గా తొమ్మిది చుట్లు తిరిగి అదే చోట ఆగుతుంది. వర్మ్ ఎంత వంకరగా ఉన్నా ఎనిమిది కొలతల్లోను అది కనిపించదు. పటం అందంగా వస్తుంది, 47 డిగ్రీల దగ్గర వేసిన రంధ్రం మాత్రం తప్పుతుంది. 90:1 టేబుల్‌ను 36 డిగ్రీలకొకసారి కొలిచినా ఇదే జరుగుతుంది. కాబట్టి చుట్టంతా కొన్ని స్థానాల్లో కొలవడంతో పాటు, వర్మ్ ఒకటి రెండు చుట్ల నిడివిలో అర డిగ్రీకొకసారి కూడా కొలవాలి.

9.5 దోషం స్వరూపాన్ని బట్టి కారణం

*9.5.1 రెండు దిశల మధ్య స్థిరమైన తేడా - బ్యాక్‌లాష్:* ఒక స్థానానికి ముందుకు తిరిగి వచ్చినప్పుడు ఒక కొలత, వెనకకు తిరిగి వచ్చినప్పుడు మరొక కొలత వస్తాయి. ఒకే దిశలో ఎన్నిసార్లు వచ్చినా కొలత మారదు. వర్మ్‌కు, వర్మ్ వీల్‌కు మధ్య ఉన్న వదులు దీనికి ముఖ్య కారణం. వర్మ్ బేరింగులు వదులైనా ఇదే స్వరూపం వస్తుంది. అందువల్ల వర్మ్ చివర డయల్ పెట్టి, వర్మ్ ముందుకూ వెనకకూ కదులుతున్నదేమో ముందు చూడాలి.

అనేక టేబుళ్లలో వర్మ్‌కు రెండు వైపులా వేర్వేరు లీడ్ ఉంటుంది. దాన్ని పొడవునా కొంచెం జరిపితే వదులు తగ్గుతుంది. ఇక్కడే ఒక జాగ్రత్త కావాలి. మన షాపుల్లో టేబుల్ ఎక్కువగా 0, 90, 180, 270 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. కోత బలం కూడా అక్కడే పడుతుంది. వీల్ పళ్లు ఆ నాలుగు చోట్లే అరుగుతాయి. అరిగిన చోట వదులు చూసి వర్మ్‌ను బిగిస్తే, అరగని చోట పళ్లు పట్టేసి మోటారు ఓవర్‌లోడ్ అలారం ఇస్తుంది, వీల్ గీసుకుపోతుంది. అందుకని చుట్టంతా కనీసం ఎనిమిది చోట్ల వదులు కొలిచి, అన్నింటిలోకి అతి తక్కువ వదులున్న చోటును ఆధారంగా తీసుకునే సర్దుబాటు చేయాలి. అరుగుదల మరీ ఎక్కువైతే వీల్‌ను మార్చడమే దారి.

*9.5.2 చుట్టుకు ఒకసారి పెరిగి తగ్గే తేడా - ఉత్కేంద్రత:* దోషం పటం ఒక చుట్టులో ఒక పెద్ద అలలాగా ఉంటే, వర్మ్ వీల్ లేదా ఎన్‌కోడర్ చక్రం కేంద్రం నుంచి పక్కకు ఉందని అర్థం. 100 మి.మీ. వ్యాసార్ధం ఉన్న చక్రం 0.01 మి.మీ. పక్కకు ఉంటే అల ఎత్తు సుమారు 20 సెకన్లు ఉంటుంది. కొన్ని ఎన్‌కోడర్లలో ఎదురెదురుగా రెండు రీడింగ్ హెడ్‌లు పెట్టి, వాటి సగటు తీసుకుని ఈ దోషాన్ని రద్దు చేస్తారు.

*9.5.3 వర్మ్ చుట్టుకు ఒకసారి పెరిగి తగ్గే తేడా:* 90:1 టేబుల్‌లో ప్రతి 4 డిగ్రీలకూ ఒక చిన్న అల వస్తే వర్మ్ వంకరగా ఉందని, లేదా కప్లింగ్ సరైన వరసలో లేదని గ్రహించాలి. దిమ్మె పరీక్షలో ఇది సరిగా పట్టుబడదు.

*9.5.4 క్లాంప్ పడగానే దూకే తేడా:* టేబుల్ ఆగాక డయల్ ఆనించి, క్లాంప్‌ను వేస్తూ తీస్తూ పది సార్లు చూడండి. ముల్లు ప్రతిసారీ ఒకే వైపు దూకితే క్లాంప్ పిస్టన్లు సమానంగా పట్టడం లేదనుకోవాలి. ఒక్కోసారి ఒక్కో వైపు దూకితే ఒత్తిడి తక్కువగా ఉందేమో, క్లాంప్ ముఖాల మధ్య నూనె, మురికి చేరాయేమో చూడాలి. క్లాంప్ పడిన తరవాత సర్వో లోడ్ మీటర్ పెరుగుతూ పోతే, క్లాంప్ ఒక వైపు లాగుతుంటే మోటారు మరొక వైపు లాగుతున్నదన్నమాట. క్లాంప్ పూర్తిగా వదలకముందే టేబుల్ తిరగడం మొదలుపెడితే ఫాలోయింగ్ ఎర్రర్ అలారం వస్తుంది. ఒత్తిడి స్విచ్ సరిగా పనిచేస్తున్నదా అని అప్పుడు చూడాలి.

*9.5.5 సరిగ్గా ఒక వర్మ్ చుట్టంత తేడా:* యంత్రం ఆపి మళ్లీ వేశాక, రిఫరెన్స్ పాయింటుకు వెళ్లిన టేబుల్ కచ్చితంగా 4 డిగ్రీలో 5 డిగ్రీలో తప్పి నిలిస్తే వర్మ్‌ను అనుమానించనక్కరలేదు. రిఫరెన్స్ స్విచ్ డాగ్ కొంచెం జరిగి, ఎన్‌కోడర్ మార్కర్ పల్స్‌కు మరీ దగ్గరగా వచ్చింది. కొన్నిసార్లు ముందు పల్స్, కొన్నిసార్లు తరవాతి పల్స్ అందుతున్నది. డాగ్‌ను రెండు పల్స్‌ల నడిమికి జరపాలి. ఈ లెక్క మోటారు వర్మ్‌కు నేరుగా కలిసి ఉన్న టేబుల్‌కు వర్తిస్తుంది. మధ్యలో బెల్టు ఉంటే దాని నిష్పత్తినీ కలపాలి. అబ్సల్యూట్ ఎన్‌కోడర్ ఉన్న యంత్రాల్లో బ్యాటరీ అయిపోతే సున్నా స్థానమే పోతుంది. సాధారణంగా బ్యాటరీని కంట్రోల్ ఆన్‌లో ఉండగానే మార్చాలి.

*9.5.6 చుట్టు చుట్టుకూ పెరిగే తేడా:* ఒకే దిశలో పది చుట్లు తిప్పి సున్నాకు తెచ్చినప్పుడు తేడా పెరుగుతూ పోతే రెండు కారణాలుంటాయి. ఒకటి, కప్లింగ్ జారుతూ ఉండవచ్చు. షాఫ్ట్‌కూ కప్లింగ్‌కూ కలిపి రంగుతో ఒక గీత గీసి, కొన్ని గంటల తరవాత గీత విడిపోయిందేమో చూస్తే చాలు. రెండు, కంట్రోల్‌లో గేర్ నిష్పత్తి పారామీటర్లు గాని, పిచ్ దోష సవరణ అంకెలు గాని తప్పుగా ఉండవచ్చు. ఒక బిందువు నుంచి మరొక బిందువుకు ఎంత పెంచాలో చెప్పే పద్ధతిలో సవరణలు ఇచ్చేటప్పుడు, పూర్తి చుట్టుకు వాటి మొత్తం తప్పనిసరిగా సున్నా కావాలి. మొత్తంలో ఒక మైక్రో డిగ్రీ మిగిలినా అది ప్రతి చుట్టుకూ కలుస్తూ పోతుంది.

*9.5.7 క్రమం లేని తేడా:* ఏ స్వరూపమూ లేకుండా కొలత చెల్లాచెదురుగా ఉంటే వదులైన ఫిక్స్చర్ బోల్టు, ఫిక్స్చర్ కింద చిప్, కూలెంట్ చేరిన ఎన్‌కోడర్ కనెక్టర్, అరిగిన టేబుల్ బేరింగు వంటివి చూడాలి. ఇది యాదృచ్ఛిక దోషం. సవరణ అంకెతో దీన్ని ఎప్పటికీ పోగొట్టలేం.

పట్టిక 9.1: దోష స్వరూపం - మొదట చూడవలసినది

| కనిపించే స్వరూపం | మొదట చూడవలసినది |
|---|---|
| రెండు దిశల మధ్య స్థిరమైన తేడా | వర్మ్ బేరింగు, వర్మ్ వదులు |
| టేబుల్ చుట్టుకు ఒక అల | వీల్ లేదా ఎన్‌కోడర్ ఉత్కేంద్రత |
| వర్మ్ చుట్టుకు ఒక అల | వర్మ్ వంకర, కప్లింగ్ వరస |
| క్లాంప్ పడగానే దూకడం | క్లాంప్ ఒత్తిడి, ముఖాలు |
| సరిగ్గా ఒక వర్మ్ చుట్టు తేడా | రిఫరెన్స్ డాగ్ |
| చుట్టు చుట్టుకూ పెరగడం | కప్లింగ్ జారడం, పారామీటర్లు |
| దూరంతో మారని తేడా | భ్రమణ కేంద్రం, ఉష్ణోగ్రత |
| చెల్లాచెదురు | ఫిక్స్చర్, చిప్స్, కనెక్టర్, బేరింగు |

> మీ ప్రగతిని పరీక్షించుకోండి - 2
> 3. 72:1 టేబుల్‌ను 90 డిగ్రీలకొకసారి మాత్రమే కొలిస్తే ఏ దోషం కనిపించకుండా పోతుంది? ఎందుకు?
> 4. వర్మ్ వదులును అరిగిన చోట కొలిచి సర్దితే ఏమవుతుంది?

9.6 సరిదిద్దే క్రమం

1. *భద్రత:* ఎ-అక్షం మీద ఒక వైపు బరువైన ఫిక్స్చర్ ఉంటే, క్లాంప్, బ్రేక్ వదలగానే అది కిందికి తిరిగి చేతిని నలిపేయగలదు. ఫిక్స్చర్‌కు ఆధారం పెట్టి, విద్యుత్ ఆపి, తాళం వేసిన తరవాతే కవరు తీయాలి.

2. *నమోదు:* ఉన్న పారామీటర్లన్నింటినీ భద్రపరచండి. ఏ అంకె, ఎప్పుడు, ఎవరు, ఎందుకు మార్చారో రాసే రిజిస్టరు లేకపోతే ఈరోజే మొదలుపెట్టండి.

3. *కోణమా, కేంద్రమా:* కేంద్రం నుంచి రెండు వేర్వేరు దూరాల్లో తేడాను కొలవండి. దూరంతో పెరిగితే కోణం, పెరగకపోతే కేంద్రం.

4. *మళ్లీ మళ్లీ అదే వస్తున్నదా:* ఒకే దిశ నుంచి ఐదు సార్లు వచ్చి కొలవండి. ప్రతిసారీ అదే వస్తే క్రమ దోషం. మారుతూ ఉంటే ముందు 9.5.7లో చెప్పినవన్నీ చూడాలి.

5. *బయటినుంచి లోపలికి:* జాబ్, ఫిక్స్చర్, క్లాంప్, టేబుల్ బేరింగు, వర్మ్, కప్లింగ్, మోటారు - ఈ వరసలో వెళ్లండి. బయట ఉన్నవి చూడటం సులభం. తప్పు కూడా చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

6. *సవరణ అంకెలు చివరగా:* యాంత్రిక దోషాన్ని సరిచేసిన తరవాత మిగిలిన చిన్న క్రమ దోషానికి మాత్రమే సవరణ ఇవ్వాలి. ఫానుక్ కంట్రోల్‌లలో బ్యాక్‌లాష్ సవరణ 1851 పారామీటర్‌లో ఉంటుంది. దాన్ని కొలిచిన విలువ ప్రకారమే ఇవ్వాలి, జాబ్ మీది తేడాను చూసి అంచనాగా కాదు.

7. *మళ్లీ కొలత:* మొదట ఏ పద్ధతిలో కొలిచారో అదే పద్ధతిలో మళ్లీ కొలిచి, రెండు ఫలితాలనూ రిజిస్టరులో రాయండి.

ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. రెండు కలిపి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు.

9.7 ఒక అనుభవం

కొన్నేళ్ల కిందట హైదరాబాద్ శివారు పారిశ్రామికవాడలోని ఒక కర్మాగారం వారు నన్ను పిలిచారు. అక్కడ ఒక హారిజాంటల్ మెషినింగ్ సెంటర్‌పై వాల్వ్ బాడీలు చేసేవారు. 0 డిగ్రీల దగ్గర ఒక రంధ్రం, 180 డిగ్రీల దగ్గర దానికి ఎదురుగా మరొకటి వేయాలి. రెండూ 0.02 మి.మీ. లోపు కలవాలి. కాని 0.05 మి.మీ. పైగా తేడాతో జాబ్‌లు తిరిగివస్తున్నాయి. రిజెక్ట్ అయిన జాబ్‌లలో ఎక్కువ ఉదయం షిఫ్టులోవే. ఆ షిఫ్టులో పనిచేసే యువకుడు జాబ్ సరిగా బిగించడం లేదని తేల్చి, అప్పటికే ఒక నెల జీతంలో కొంత కోసేశారు. అతన్ని యంత్రం నుంచి తప్పించాలని కూడా ఆలోచిస్తున్నారు. "మధ్యాహ్నం షిఫ్టు వేసినప్పుడు ఇదే ప్రోగ్రాం, ఇదే ఫిక్స్చర్ బాగానే వస్తున్నాయి సార్" అని మాత్రమే అతను నాతో అన్నాడు. ఆ మాటలో ఎంత సమాచారం ఉందో అక్కడ ఎవరూ గమనించలేదు.

మెయింటెనెన్స్ వారు ఆ నెలలోనే బ్యాక్‌లాష్ అంకెను రెండు సార్లు పెంచారు. ఎందుకు పెంచారో ఎక్కడా రాయలేదు. అదృష్టవశాత్తు యంత్రంతో వచ్చిన పారామీటర్ల కాగితం ప్యానెల్ తలుపు లోపల అంటించి ఉంది. దాని ప్రకారం పాత అంకె పెట్టించాను. పెంచిన మేర 0.005 డిగ్రీలు, అంటే 18 సెకన్లు. 150 మి.మీ. దూరంలో అది 0.013 మి.మీ. లేని వదులుకు సవరణ ఇచ్చి, దిశ మారినప్పుడల్లా అంత తేడాను వాళ్లే సృష్టించారన్నమాట.

మర్నాడు ఉదయం, యంత్రం చల్లగా ఉండగానే, చదరపు దిమ్మెతో టేబుల్‌ను పరీక్షించాం. క్లాంప్ వేసినా తీసినా దోషం 5 సెకన్లు మించలేదు. కేంద్రం నుంచి రంధ్రం ముఖం 150 మి.మీ. దూరంలో ఉంది. అక్కడ 0.05 మి.మీ. తేడా రావాలంటే దాదాపు 69 సెకన్ల దోషం ఉండాలి. కాబట్టి దోషం టేబుల్ కోణంలో లేదు. తరవాత రిజెక్ట్ అయిన జాబ్‌ను కొలిచాం. రెండు రంధ్రాలు కలిసే చోటా, బయటి అంచుల దగ్గరా పక్కకు జరిగిన మేర ఒకటే. అక్షాలు వాలలేదు. అంటే ఇది కేంద్ర దోషం.

టేబుల్ మధ్యలో ఒక గుండ్రని మాండ్రెల్ నిలబెట్టి, టేబుల్ 0 దగ్గరా 180 దగ్గరా డయల్ కొలతలు తీసుకుని సగటు కట్టాం. ఇలా చేస్తే మాండ్రెల్ కొంచెం పక్కకు ఉన్నా లెక్క తప్పదు. ఉదయం ఏడున్నరకు ఒకసారి, మధ్యాహ్నం రెండింటికి ఒకసారి కొలిస్తే, కేంద్రం ఎక్స్ దిశలో 0.027 మి.మీ. జరిగింది. ఎదురెదురు రంధ్రాల్లో అది రెట్టింపై 0.054 అవుతుంది. తిరిగివచ్చిన జాబ్‌లలో ఉన్న తేడా సరిగ్గా అంతే.

ఆ యంత్రంలో ఎక్స్-అక్షానికి స్కేలు లేదు. బాల్ స్క్రూ వేడెక్కితే పొడవు పెరుగుతుంది. ఉక్కు మీటరు పొడవుకు, ఒక డిగ్రీ సెల్సియస్‌కు సుమారు 11.5 మైక్రాన్లు పెరుగుతుంది. అర మీటరు నిడివిలో 5 డిగ్రీల తేడాకు 29 మైక్రాన్లు వస్తుంది. వర్క్ ఆఫ్‌సెట్‌ను ఒకనాటి మధ్యాహ్నం, వేడెక్కిన యంత్రం మీద పెట్టారు. ఉదయం చల్లని యంత్రం మీద అదే అంకెతో పని జరుగుతున్నది. మధ్యాహ్నం షిఫ్టుకు యంత్రం మళ్లీ ఆ వేడికి చేరేది, జాబ్‌లు బాగా వచ్చేవి.

పరిష్కారానికి ఒక్క భాగం కూడా మార్చనక్కరలేకపోయింది. ఉదయం అరగంట సేపు స్పిండిల్‌ను, అక్షాలను ఖాళీగా నడిపి వేడెక్కించడం, షిఫ్టు మొదట్లో ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి కేంద్రాన్ని సరిచూసి ఆఫ్‌సెట్ దిద్దడం - ఇంతే. ఆ యువకుడి జీతంలో కోసిన మొత్తాన్ని తిరిగి ఇచ్చారు. అయితే నెల రోజులపాటు తోటివారి ముందు అతను పడిన మాటను ఎవరూ తిరిగి తీసుకోలేరు.

మీలో చాలామంది ఉద్యోగం చేస్తూ చదువుతున్నవారు. కొందరు యంత్రం ముందు నిలబడేవారు, కొందరు రిజెక్ట్ కాగితం మీద సంతకం పెట్టేవారు. కొలవకముందే కారణం చెబితే, ఆ తప్పు యంత్రం మీద కాకుండా ఒక మనిషి మీద పడుతుంది. డయల్ గేజ్‌తో ఒక పూట చేసే పరీక్ష ఖరీదు దానితో పోలిస్తే చాలా తక్కువ.

9.8 సారాంశం

రోటరీ టేబుల్‌లో చలనం మోటారు నుంచి వర్మ్, వర్మ్ వీల్ ద్వారా టేబుల్‌కు చేరుతుంది. స్క్రీన్ మీది అంకె ఎన్‌కోడర్ చూసిన స్థానమే కాని జాబ్ స్థానం కాదు. కోణ దోషం వల్ల వచ్చే తేడా కేంద్రం నుంచి దూరంతో పాటు పెరుగుతుంది. కేంద్ర దోషం దూరంతో మారదు, 180 డిగ్రీల దగ్గర రెట్టింపై కనిపిస్తుంది. కొలిచే స్థానాలు వర్మ్ చుట్టుకు గుణిజాలైతే వర్మ్ దోషం దాగిపోతుంది. బ్యాక్‌లాష్, ఉత్కేంద్రత, క్లాంప్, రిఫరెన్స్, కప్లింగ్ దోషాలకు వేర్వేరు స్వరూపాలున్నాయి. ముందు కొలవాలి, తరవాత యాంత్రిక కారణాన్ని సరిచేయాలి, చివరగా మిగిలిన క్రమ దోషానికి మాత్రమే సవరణ ఇవ్వాలి.

9.9 మీ ప్రగతిని పరీక్షించుకోండి - సమాధానాలు

1. 6 డిగ్రీలు.
2. (10 ÷ 206265) × 200 = 0.0097 మి.మీ. అంటే సుమారు 9.7 మైక్రాన్లు.
3. వర్మ్ చుట్టుకు ఒకసారి వచ్చే దోషం కనిపించదు. 90 డిగ్రీలకు వర్మ్ సరిగ్గా 18 చుట్లు తిరిగి ప్రతిసారీ అదే చోట ఆగుతుంది.
4. అరగని చోట పళ్లు పట్టేస్తాయి. మోటారుపై లోడ్ పెరిగి అలారం వస్తుంది, వీల్ పాడవుతుంది.

9.10 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.

1. రోటరీ టేబుల్ స్థాన దోషాల స్వరూపాలను, వాటి కారణాలను వివరించండి.
2. కోణ దోషానికి, కేంద్ర దోషానికి గల భేదాన్ని ఉదాహరణలతో తెలిపి, షాపులో వాటిని వేరుచేసే విధానాన్ని రాయండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.

1. చదరపు దిమ్మె పరీక్షలో దిమ్మె దోషాన్ని టేబుల్ దోషం నుంచి ఎలా వేరుచేస్తారు?
2. ఒక 90:1 టేబుల్ రిఫరెన్స్‌కు వెళ్లినప్పుడు అప్పుడప్పుడు సరిగ్గా 4 డిగ్రీలు తప్పుతున్నది. కారణమేమిటి? ఎలా సరిచేస్తారు?
3. యాదృచ్ఛిక దోషాన్ని సవరణ అంకెలతో ఎందుకు పోగొట్టలేం?
4. మీరు పనిచేసే చోట, లేదా చూసిన చోట ఉన్న ఒక రోటరీ టేబుల్ గేర్ నిష్పత్తి తెలుసుకుని, దాన్ని కొలవడానికి తగిన ఎనిమిది స్థానాలను సూచించండి. ఆ ఎంపికకు కారణం రాయండి.